పెట్టెలో ఇన్ఫార్మర్

పినపాక అవతల అడ్డరోడ్డు దగ్గర నేను నెట్ సెంటర్ నడిపిన రోజులవి. నా దగ్గరున్నది ఒకటే కంప్యూటర్, ఒక ఫోను లైను. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు చూసుకోవడానికి అడవి పల్లెల నుంచి కూడా వచ్చేవాళ్లు.

కొన్నాళ్లకు ఆ కంప్యూటర్‌కు ఏదో పట్టుకుంది. నేను ముట్టుకోకపోయినా మోడెం మీద లైటు టపటపా కొట్టుకునేది. ఒక పేజీ తెరిస్తే అడగని పేజీలు మీదపడేవి. బ్రౌజర్ నెత్తిన ఎవరు పెట్టారో తెలియని పట్టీలు. తీసేస్తే మర్నాటికి మళ్లీ హాజరు. దాని దుంపతెగ, ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

మణుగూరు నుంచి మెకానిక్‌ను పిలిపించాను. పని వచ్చినవాడే, నోటికి మాత్రం తాళం లేదు. కాసేపు కెలికి, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా పెద్దగా నవ్వాడు.

"అన్నా, నీ పెట్టెల ఇన్ఫార్మర్ కూసున్నడే! ఈడ ఎవలేం జూస్తున్నరో అంతా ఎనకనుంచి బయటికి చేరేస్తున్నడు."

మణుగూరు లాంటి బొగ్గు గనుల ఊళ్లో అది హోటల్లో నవ్వుకునే ముచ్చట కావచ్చు. మాకు కాదు. అడవిలో ఉండే నక్సలైట్లను మేం 'లోపలోళ్లు' అనేవాళ్లం. పోలీసు ఇన్ఫార్మర్ అన్న పేరు పడితే వాళ్ల నుంచి పిలుపు వచ్చేది. వెళ్లక తప్పదు. బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గర పనిచేసే ఒకాయన అలాగే వెళ్లి, దారి పక్కన శవమై దొరికాడు. ఆయన చేసిందేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మెకానిక్ మాట వినగానే, ఫలితం కోసం కూర్చున్న ఇద్దరు చెప్పకుండానే లేచి వెళ్లారు. సంత రోజుకల్లా ఆ మాటలోంచి 'పెట్టె' అన్న ముక్క ఊడిపోయింది. నెట్ సెంటర్ల ఇన్ఫార్మర్ ఉన్నడట, అంతే మిగిలింది.

నాకు భయం, దానికి మించిన కోపం. ముందు బ్రౌజర్ మార్చాను. అప్పుడే కొత్తగా వచ్చిన నక్క బొమ్మది. పట్టీలు పోయాయి, లైటు మాత్రం కొట్టుకుంటూనే ఉంది. అన్నీ తుడిచేసి మళ్లీ ఎక్కించాను. వారం తిరగకముందే మళ్లీ అదే గోల. చివరికి ఆ కంప్యూటర్‌నే వదిలించుకుని ఖమ్మం నుంచి ఇంకొకటి తెచ్చాను. వైరస్‌లు పట్టవని ఒక లెక్చరర్ ఇచ్చిన పెంగ్విన్ బొమ్మ సీడీలోని సిస్టం అందులో ఎక్కించాను. లైను కలిపి చేతులు కట్టుకుని కూర్చున్నాను. లైటు కొట్టుకోలేదు. ఒళ్లు తెలియనంత సంబరపడి నా భార్యను పిలిచి చూపించాను.

"ఆ లైటు ఆగితే మనల్ని ఇడిసిపెడ్తరా? ఏం మనిషివయ్యా నువ్వు!" అని ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. అడవి పల్లె ఆయన. అంతకుముందు మనవరాలి ఫలితం చూపించుకున్నాడు, పాసయిందంటే నా చేతులు పట్టుకున్నాడు. ఈసారి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పెట్టెల ఉన్నోడు పోయిండా, బిడ్డా?"

"పోయిండు తాతా. పెట్టెనే మార్చిన. సూడు, లైటు కొట్టుకుంటలేదు."

ఆయన లైటు వైపు చూడలేదు. నా మొహమే చూస్తున్నాడు.

"మరి గిన్నొద్దులు ఆడు ఎవలకు చెప్పిండు?"

ఆ సమాచారం ఏ దేశం పోయిందో, ఎవరు చదివారో నాకేం తెలుసు?

"నాకు తెల్వదు తాతా," అన్నాను.

కల్లం దగ్గరి ఆయన కూడా చివరిదాకా అదే మాట అన్నాడని ఊళ్లో చెప్పుకునేవారు.

ముసలాయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

"లోపలోళ్లు నిన్ను అడిగి రమ్మన్నరు," అన్నాడు. "నువ్వు దొరకలేదని జెప్త. సాయంత్రం బస్సుకు పొండ్రి, బిడ్డా."

ఆ బస్సుకే వెళ్లిపోయాం. కంప్యూటర్‌ను ఆపాలన్న ధ్యాస కూడా లేదు నాకు.