కట్టెల వెనక పెట్టిన తాండ్ర

నాకు రాయడం రాదండి. అయిదో తరగతి దాకా మా తెలుగు బడిలో చదివాను, అంతే. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఈ కలకత్తాలో నోటికి బెంగాలీ, హిందీ వచ్చినంత సులువుగా చేతికి తెలుగు రాదు. చర్చిలో పాటల పుస్తకం, బైబిలు తప్ప తెలుగులో వేరే ఏమీ చదవలేదు. చదువుకున్నవాళ్లకి ఇది చూస్తే నవ్వొస్తుందేమో. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఎందుకో ముందే చెప్పేస్తాను. మా ఆయనకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు.

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అన్నం ముద్ద మింగితే దిగిపోయే ముల్లు కాదు. నా వల్ల ఒక అమ్మాయి ఇల్లు పోయింది. ఆమె ఏమీ చెయ్యలేదు. చేసింది నేను. అక్కడే నిలబడి కూడా నోరు విప్పలేదు.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మేం ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటాం. మా ఆయన క్యాబ్ నడుపుతారు. రోజంతా న్యూ టౌన్ నుంచి సాల్ట్ లేక్‌కి, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి ఎవరెవరినో తిప్పే మనిషికి, ఒక్కసారైనా తన కోసం బండి నడపాలని ఆశ. మొగుడూ పెళ్లాం వీపుకి సంచులు తగిలించుకుని మోటార్ సైకిల్ మీద అడవులు తిరిగే వీడియోలు ఫోన్‌లో చూసేవారు. చివరికి ఒక పాత బండి బాగుచేయించారు. ఉత్తర బెంగాల్లో టీ తోటల పక్కనుండే అడవులకి బయల్దేరాం. అప్పటికి మాకు పిల్లల్లేరు.

ఆయన షరతు ఒక్కటే. మనిషికి ఒక సంచి, తిండి మూటలు వద్దు.

ఆ విషయంలో ఆయన నన్నెప్పుడూ ఎగతాళి చేస్తారు. మాది శ్రీకాకుళం వైపు. మావాళ్లు తిండి మూట లేకుండా గుమ్మం దాటరు. "ఏటే, ప్రయాణానికి వచ్చినావా, కొట్టు పెట్టడానికి వచ్చినావా?" అని నలుగురిలో అంటారు. నలుగురూ నవ్వుతారు. అయినా నా ప్రాణం ఒప్పలేదు. అమ్మ ఊరి నుంచి పంపిన మామిడి తాండ్ర, ఈత చాప ముక్కలో చుట్టింది, చీర మడతలో పెట్టి సంచి అడుగున దాచేశాను. అది తప్పా? అక్కడి వరకు కాదేమో.

దారిలో పడని పాట్లు లేవు. బండి గొలుసు ఊడి ఎండలో మైళ్లు తోసుకుంటూ నడిచాం. వానలో తడిసి ముద్దయ్యాం. ఒక కోతి నా చెప్పు ఒకటి పట్టుకుపోయింది. మరోచోట అడవిదున్న రోడ్డుకి అడ్డంగా నిలబడిపోతే, మా ఆయన బండి ఆపేసి, ట్రాఫిక్‌లో ముందున్న అన్నకి చెప్పినట్టే దానికి మెల్లగా, "దాదా, కాస్త తప్పుకో దాదా" అని చెప్పారు. అది కూడా మా వైపు ఒకసారి చూసి తప్పుకుంది. అంత నవ్వు నేను మళ్లీ నవ్వలేదు.

అడవి అంచున ఒక ఇంట్లో దిగాం. వచ్చినవాళ్లకి గది ఇచ్చి భోజనం పెట్టే ఇల్లు. ఇంటి పెద్ద ఒక ముసలావిడ, మేం మాసీ అనేవాళ్లం, అంటే పిన్ని. కొడుకు దూరంగా ఎక్కడో పని. కోడలు ఫూల్‌మణి, ఆమె చంకలో చిన్న ఆడపిల్ల. మాకు ఇచ్చింది వెదురు తడికల గది. పక్కనే మాసీ ఉండే సిమెంటు గది. పెరట్లో రేకుల వంట పాక.

సంచులు దించగానే మాసీ చెప్పింది. "తినేవి ఏమున్నా ఇచ్చెయ్యండి. పండు, బెల్లం, ఉప్పు, ఏదైనా సరే. లోపల ఇనప డ్రమ్ములో పెట్టి మూత బిగిస్తాను. వాసన తగిలితే ఏనుగుకి గోడ అడ్డం కాదు."

"మా దగ్గర ఏమీ లేవు మాసీ," అన్నారు మా ఆయన. "మా ఆవిడ ఈసారి బుద్ధిగా వచ్చింది. లేకపోతే మా వెనకాల ఏనుగుల ఊరేగింపే ఉండేది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు తీసి ఇచ్చెయ్యాల్సింది. చీర మడత విప్పి, ఇదిగో ఇది ఉంది అంటే, ఇంకో నవ్వు నవ్వేవాళ్లు. అంతే కదా? ఆ ఒక్క నవ్వు పడలేకపోయాను.

కానీ భయం పట్టుకుంది. మా గది తడిక నా తల పక్కనే ఉంటుంది. సాయంత్రం వంట పాకలో పొయ్యి దగ్గర కూర్చున్నాను. నా కాలికి జలగ పట్టి ఉంటే ఫూల్‌మణి ఉప్పు అద్ది తీసేసింది. నేను కెవ్వుమంటే, "దిదీ, నీకంటే అదే ఎక్కువ భయపడింది" అని నవ్వింది. నాకు టీ పోసి ఇచ్చి, మేకల్ని తోలుకురావడానికి బయటికి వెళ్లింది. నేను కొంగు చాటున తెచ్చిన తాండ్ర మూటని కట్టెల వెనక తోసేశాను.

నా తలకి దూరంగా ఉంటే చాలనుకున్నాను. ఆ పాక ఎవరిదో ఆలోచించలేదు. లేదు, అబద్ధం. ఆలోచించాను. పొద్దున్నే తీసేస్తే ఎవరికీ తెలీదనుకున్నాను.

తెల్లారుతుండగానే రేకులు విరిగిన చప్పుడు. మాసీ మమ్మల్ని సిమెంటు గదిలోకి లాగింది. కిటికీలోంచి చూశాను. ఒక్కటే ఏనుగు. తడిసిన వీపు, ఒళ్లు సగానికి పైగా పాక లోపలే. ఊళ్లోవాళ్లు వచ్చి డప్పులు కొట్టి, టపాకాయలు కాల్చేసరికి అది వెళ్లిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పాక నేలమట్టం. కుండలు, గిన్నెలు మొత్తం బురదలో.

మాసీ నేరుగా కోడలి మీదికి వెళ్లింది. "మళ్లీ పెట్టావు కదూ హాఁడియా!"

హాఁడియా అంటే అన్నం పులియబెట్టి చేసే కల్లు. ఫూల్‌మణి అంతకుముందు అది చేసి సంతలో అమ్మేదట. ఆ వాసనకి ఒకసారి ఏనుగు వచ్చి గోడ పడగొట్టిందట. ఇంకోసారి పెడితే ఈ ఇంట్లో ఉండవని అత్త అప్పుడే చెప్పిందట. ఫూల్‌మణి పెట్టలేదని బిడ్డ మీద ఒట్టు వేసింది. అత్త వినలేదు.

అప్పుడు చూశాను. నా కాళ్ల దగ్గరే, బురదలో, ఈత చాప ముక్క. దానికి ఇంకా తాండ్ర అంటుకునే ఉంది. ఆ చుట్టుపక్కల అలాంటి చాప అల్లేవాళ్లు ఎవరూ లేరు. నేను దాని మీద కాలు వేసి తొక్కిపెట్టాను.

ఫూల్‌మణి నా దగ్గరికే వచ్చింది. అందరిలో నా దగ్గరికే.

"దిదీ, నిన్న సాయంత్రం నువ్వు పొయ్యి దగ్గరే కూర్చున్నావు కదా. పులిసిన వాసన ఏమైనా వచ్చిందా? మా అత్తకి చెప్పు దిదీ. నువ్వు బయటి మనిషివి, నీ మాట వింటుంది."

"నాకు జలుబు," అన్నాను. "వాసన తెలీలేదు."

నాకు జలుబు లేదు.

"పదవే, మనకెందుకు వాళ్లింటి గోల. ఎలిపోదుం," అని మా ఆయన సంచి నా భుజానికి తగిలించారు. మేం బయల్దేరేసరికి ఫూల్‌మణి చిన్న మూటతో రోడ్డు మీద నడుస్తోంది, పుట్టింటికి. బిడ్డని అత్త ఇవ్వలేదు. ఆ పిల్ల ఏడుపు మా బండి చప్పుడులోంచి కూడా వినిపించింది. బండి మీద ఫూల్‌మణిని దాటేశాం. నేను తల పక్కకి తిప్పుకోవాల్సిన పని కూడా పడలేదు. హెల్మెట్ ఉంది కాబట్టి నా మొహం ఆమెకి కనబడలేదు.

తర్వాత ఏమైందంటే, అది మా ఇంట్లో ఒక కథ అయిపోయింది. కల్లు తాగడానికొచ్చిన ఏనుగు కథ. క్రిస్మస్ భోజనాల దగ్గర, ఎవరింట్లో పెళ్లయినా, మా ఆయన్ని పట్టుకుని చెప్పించుకుంటారు. ఆయన తొండంలా చెయ్యి ఊపి చూపిస్తారు. కోడలు అమాయకంగా మొహం పెట్టడం కూడా చేసి చూపిస్తారు. చివర్లో నా వైపు తిరిగి, "నువ్వూ చూసినావు కదేటి, సెప్పవే!" అంటారు. నేను, "అవునండి, ఇల్లంతా ఊగిపోయింది" అంటాను. అది నా వంతు. ప్రతిసారీ చెప్పాను. పాస్టర్ గారు కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతారు. ఇంక ఆయన దగ్గర మోకరించి ఏం చెప్పను?

మా ఆయన చెడ్డవారు కాదు. ఆయనకి తెలీదు. తెలీకుండా ఒకామె పరువు తీస్తున్నారు, నేను పక్కన కూర్చుని కూర వడ్డిస్తున్నాను. ఇప్పుడు చెబితే? ఇన్నేళ్ల నవ్వంతా ఆయన మొహాన కొట్టినట్టే. చెప్పకపోతే మళ్లీ క్రిస్మస్ వస్తుంది. ఎటు కదిలినా గోడే.

నాకు ఒక ఓదార్పు ఉండేది. అత్తా కోడళ్ల గొడవ, నాలుగు రోజుల్లో సర్దుకుని ఉంటారు, ఫూల్‌మణి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది అనుకునేదాన్ని. అలా అనుకునే నిద్రపోయేదాన్ని.

పోయిన ఆదివారం అది కూడా పోయింది. మా మరిది వాళ్లు పూజ సెలవుల్లో ఆ ఇంటికే వెళ్దామన్నారు. మా ఆయన మాసీకి ఫోన్ చేసి, అందరూ వినాలని స్పీకర్ పెట్టారు. "ఏం మాసీ, మీ కోడలు ఇంకా హాఁడియా పెడుతోందా?" అని నవ్వారు.

"అది మళ్లీ ఈ గడప తొక్కలేదు బాబూ," అంది మాసీ. "నేనే వండుతున్నాను. పిల్ల నా దగ్గరే ఉంది. బడికి వెళ్తోంది. వాళ్లమ్మ ఏది అని ఇప్పుడు అడగడం కూడా మానేసింది. మీరు భయం లేకుండా రండి."

మా మరిది నవ్వాడు. నా చేతిలో గరిటె ఉంది. అందరికీ వడ్డించాను.

టికెట్లు తీసేశారు. నేనూ వెళ్తాను. ఆ పెరట్లో నిలబడతాను. అక్కడ చెప్తానా? చెప్తానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎంతదో నాకు తెలుసు. జలుబు అన్న నోరే కదా ఇది.

ఇది రాస్తుంటే మా ఆయన పక్కకి వచ్చి కూర్చున్నారు. "ఏటే అంత రాస్తన్నావు, చర్చి పాటలా?" అన్నారు. కాదన్నాను. ఇంకేం అడగలేదు. అక్షరాల మీద నుంచి ఆయన చూపు వెళ్లిపోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఆ ఏనుగు హాఁడియా కోసం రాలేదు. ఫూల్‌మణి ఏమీ పెట్టలేదు. కట్టెల వెనక నా తాండ్ర ఉంది. నేనే పెట్టాను.

అప్పుడు ఆ చాప ముక్క మీద వేసిన కాలు ఇప్పుడు తీశాను. ఈ కాగితం మీదే అయినా.

అక్షరాల్లో తప్పులు చాలా ఉంటాయి. ఎవరికీ చూపించి దిద్దించుకునే వీలు లేదు. చదివినవాళ్లు వాటిని మాత్రం మన్నించండి.