ఏడు దగ్గర నిలవని నీళ్లు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలం చివర్లో, నన్ను కోలార్ నుంచి కేజీఎఫ్‌లోని నీటి పరీక్షల ల్యాబుకు సీనియర్ కెమిస్టుగా వేశారు. ఊరి బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో తేల్చడం నా పని. అంతకన్నా గొప్ప పని అక్కడ నాకోసం కాచుకుని ఉంది. మా పై అధికారి ఆఫీసు వరండాలో చేపల తొట్టి పెట్టించి, దాని బాగోగులు నాకు అప్పగించారు.

చేపల మలినాల నుంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టర్లో కుదురుకోవాలి. చేపలు పెంచేవాళ్లు తొట్టి ‘సైకిల్’ కావడం అనేది దీన్నే. వారాల తరబడి ఓపిక పట్టి ఆ పని పూర్తి చేశాను. అధికారి గారు వెంటనే బెంగళూరు నుంచి నియాన్ టెట్రాలు తెప్పించారు. అవి సున్నం లేని నీటిలో బతికే చేపలు. మా బోరు నీళ్లలో సున్నం తప్ప ఇంకేమీ లేదు. పీహెచ్, అంటే ఆమ్ల క్షారాల కొలత, ఎనిమిది దాటేది. తటస్థమంటే ఏడని ఆయన ఎక్కడో చదివారు. తొట్టిలో ఏడే ఉండాలని ఆర్డరు వేశారు.

ఊరి ఘనత కూడా కనబడాలి కదా. బంగారు గని కార్మికుల కోరమండల్ లైన్లలో ఉండే మునెప్పను, అతని తండ్రి దాచిన గని రాయి ఇమ్మని అధికారి గారు అడిగారు. మునెప్ప దాన్ని కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చాడు.

“మా నాయిన గనిలోంచి ఇంటికి తెచ్చింది ఇదొకటే సార్. ఇంట్లో ఉంటే మేమే చూస్తాము, ఈడుంటే ఊరంతా చూస్తాది” అన్నాడు.

అధికారి గారు రాయికి దండ వేసి, ఫొటో దిగి, తొట్టిలో దించారు.

రోజూ ఆయనే స్వహస్తాలతో యాసిడ్ చుక్కలు వేసేవారు. సాయంత్రానికి పీహెచ్ ఏడు, మర్నాటికి మళ్లీ ఎనిమిది. ఇలా ఊగితే చేపలతో పాటు ఫిల్టర్లోని జీవులూ పోతాయని చెప్పాను. ఆయన చుక్కలు పెంచారు. చేపలు చావడం మొదలైంది. దిష్టి తగిలిందని తొట్టి పైన నిమ్మకాయ కట్టించారు. ఆ ఆఫీసులో చేపలకు హాని చేయని ఆమ్లం అదొక్కటే.

చివరికి రాయి మీద ఒక చుక్క యాసిడ్ వేసి చూశాను. రాయిలోని తెల్లటి సున్నపు చార బుసబుసా పొంగింది. యాసిడ్ పోసినకొద్దీ ఆ సున్నం కరిగి పీహెచ్‌ను పైకి లాగుతోంది. విషయం చెప్పగానే అధికారి గారు దండ వేసిన ఆ రాయినే వెనక చెత్తలో పారేయమన్నారు. నాకు ఒళ్లు మండింది.

రాయిని చూసుకోవడానికి తరచూ వచ్చే మునెప్ప ఆ మాట విననే విన్నాడు. తొట్టిలోని చేపల వైపు చూశాడు.

“ఇంగ తీసేయండి సార్. నా రాయి కోసరం అవి చావకూడదు. మా ఇంట్లోనే పెట్టుకుంటాను” అన్నాడు.

రాయి తీసినా బోరు నీళ్లు మారవని, దాన్ని అక్కడే ఉండనివ్వమని ఇద్దరికీ చెప్పాను. యాసిడ్ సీసాను ల్యాబులో పెట్టి తాళం వేశాను. మిగిలిన టెట్రాలను దుకాణానికి వాపసు పంపి, సున్నపు నీళ్లంటే ఇష్టపడే గప్పీ చేపలను తెప్పించాను. అవి ఆ రాయి చుట్టూనే పిల్లలు పెట్టాయి.

పీహెచ్‌ను తానే అదుపులోకి తెచ్చానని అధికారి గారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. మీటరు ఎనిమిది దాటే చూపించేది. అది ఎంత చూపిస్తోందని ఆయన మళ్లీ అడగలేదు.

నీళ్లను కొలిచాకే చేపలు కొనాలి. నేను నేర్చుకున్నది ఇంతే. మునెప్ప రాయి ఇంకా అక్కడే ఉంది.