కాలర్ బోన్ మీద బేరం

నేను సైకిల్ మీంచి పడలేదు. ఈ ముక్క పోయిన చలికాలమంతా జగ్గయ్యపేటలో కనబడిన ప్రతి మనిషికీ చెప్పాను. ఒక్కరూ వినలేదు. ఎడమచేయి మెడలోంచి వేలాడే గుడ్డలో పెట్టుకుని కొట్లో కూర్చుంటే, గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళు ముందు నా చేయి చూసేవాళ్ళు, తరవాత వెనక గోడకి ఆనించి ఉన్న సైకిల్ చూసేవాళ్ళు, ఆ తరవాత తల పంకించేవాళ్ళు. ఈ వయసులో మీకెందుకండీ అది అనేవాళ్ళు. షటిల్ ఆడుతూ పడ్డానండీ, అదీ ఇండోర్ కోర్టులో, చదునైన చెక్క నేల మీద అని వివరంగా చెప్పేవాణ్ణి. అవునవును అంటూ మళ్ళీ సైకిల్ వంకే చూసేవాళ్ళు. పడేసింది ఒకటైతే నింద ఇంకోదానికి. నోరున్నదైతే సైకిలే ఏదో ఒకటి అనేది.

దాన్ని నేను ఎక్కేది పొద్దున్నే. మా బజారువాళ్ళం నలుగురం తెల్లవారకముందే బయల్దేరి ముక్త్యాల దాకా వెళ్ళి, కృష్ణ ఒడ్డున కాసేపు నిలబడి, కొట్లు తెరిచే వేళకి తిరిగి వచ్చేవాళ్ళం. రోజు మొత్తంలో నన్ను ఎవరూ దేని ధరా అడగని సమయం అదొక్కటే. నేను కూడా ఎవర్నీ అడగను. అయితే మా వైపు ఈ సుఖం ఏడాది పొడుగునా దొరకదు. కార్తీకంలో మొదలై మాఘంతో సరి. ఆ తరవాత సున్నపురాయి నేల రాత్రి కూడా చల్లారదు, ఏడింటికే రోడ్డు సెగలు కక్కుతుంది. అంచేత చలికాలం పోతే నాకు ఏడాది పోయినట్టే.

ఆ ఆదివారం పొగమంచు బాగా పట్టింది. ఈ మంచులో లారీవాడికి మీరేం కనబడతారు, హాయిగా నాలుగు గోడల మధ్య షటిల్ ఆడుకోండి అని మా ఆవిడే పంపించింది. డబుల్స్‌కి ఒక మనిషి తక్కువయ్యాడని అక్కడివాళ్ళు సంతోషంగా చేర్చుకున్నారు. నా పార్ట్‌నర్ వదిలేసిన కాక్ కోసం, ఊరికే వచ్చిన పాయింటు ఎందుకు పోగొట్టుకోవాలని, వెనక్కి ఎగిరాను. పాయింటు రాలేదు. భుజం మీద పడ్డాను.

మేం బేరాల్లో పుట్టినవాళ్ళం. మా తాతది ఇత్తడి సామాన్ల కొట్టు, మా నాన్న దాన్ని స్టీలుకి మార్చాడు, నేను నాన్‌స్టిక్ పెనాలు చేర్చాను. మా ఇంట్లో ఎవరూ చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి ఏదీ కొని ఎరగరు. అలా ఇచ్చేస్తే అమ్మినవాడు కూడా బాధపడతాడు, ఇంకాస్త ఎక్కువ చెప్పి ఉండాల్సిందని.

నందిగామలో నేను వెళ్ళిన ఎముకల డాక్టరు గారి తండ్రి మిర్చి వ్యాపారి. ఆ సంగతి నాకు తెలుసు. నా సంగతి డాక్టరు గారు చూడగానే కనిపెట్టారని మాత్రం అప్పుడు తెలియలేదు. ఎక్స్‌రే లైటుకి తగిలించి, కాలర్ బోన్ విరిగిందనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ, భుజాలకి బెల్టు వేసుకుని కదలకుండా ఉంటే దానంతటదే అతుక్కుంటుందనీ చెప్పారు. సైకిల్ ఎప్పుడు ఎక్కొచ్చని అడిగాను. పక్కన కూర్చున్న మా ఆవిడ నా మొహంలోకి చూసింది.

“మూడు నెలలు,” అన్నారు డాక్టరు.

“మూడంటే చలికాలం అయిపోద్ది సార్. ఏదో ఒక మాట చెప్పండి.”

“చెప్పాగా. మూడు.”

“నెలన్నర చేద్దాం.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “హ్యాండిల్ మీద బరువంతా భుజానికే వస్తదండి. రెండున్నర.”

బెల్టు సగం వేసుకుని ఉన్నా సరే, అలవాటు కొద్దీ కుర్చీలోంచి లేచి గుమ్మం వైపు రెండడుగులు వేశాను. మా లెక్కలో ఇది వెనక్కి పిలిపించుకోవడానికి. ఎక్స్‌రే ఆయన దగ్గరే ఉందన్న సంగతి తరవాత గుర్తొచ్చింది.

“మీదీ కాదు, నాదీ కాదు,” అన్నాను గుమ్మంలో నిలబడి. “రెండు.”

కాసేపు ఎక్స్‌రే వంక చూసి, సరే రెండు అన్నారు. నెల రోజుల చలికాలం మిగుల్చుకున్నానని ఛాతీ విరుచుకోబోయాను. నొప్పి వల్ల కుదరలేదు.

బయట బెంచీ మీద మైలవరం వైపు రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ట్రాక్టరు ట్రక్కులోంచి దిగుతూ పడ్డాడట. అదే ఎముక, అదే బెల్టు. మీకెంత చెప్పారని అడిగాను. రెండు నెలలన్నారండి అన్నాడు. మీరేమన్నారని అడిగితే, అనడానికేముంది, సరేనన్నానన్నాడు. నేను చెమటోడ్చి దించుకున్నది ఆయనకి అడక్కుండానే ఇచ్చారన్నమాట. మా ఆవిడ బస్టాండు దాకా నవ్వుతూనే ఉంది.

ఇంకొకడైతే అక్కడితో బుద్ధి తెచ్చుకునేవాడు. నేను బస్సులో కూర్చుని ఆలోచించాను. నా మొహం చూసి నెల రోజులు కలిపి చెప్పాడంటే ఆయన వ్యాపారి కొడుకే. వ్యాపారి కొడుకు ఎవరికీ అసలు ధరకి అమ్మడు. రైతుకి చెప్పిన రెండు నెలల్లో కూడా ఎంతో కొంత మార్జిన్ ఉండి తీరాలి. మా కొట్లో మార్జిన్ లేని గరిటె ఒక్కటి లేదు. అది తీసేస్తే ఎంత తేలుతుంది? నెలన్నర. అంటే నేను మొదట అడిగిందే అసలు రేటు. చిల్లకల్లు దాటేసరికి ఈ లెక్క నాకు ఎంత నచ్చిందంటే, మా ఆవిడకి చెప్పకుండా దాచుకున్నాను.

ఆ తరవాత వారాలు ఎలా గడిచాయో చెప్పను. మిగతా ముగ్గురూ రోజూ సైకిళ్ళ మీద మా కొట్టు ముందు నుంచే వచ్చేవాళ్ళు, ఒళ్ళంతా చలి వాసనతో. ఒకడు ఆగి, ఇవాళ నది మీద పొగలు లేచాయి తెలుసా అనేవాడు. తెలుసు. నాకు తెలియకపోతే బాగుండేది.

నెలన్నర నిండిన మర్నాడు, మా ఆవిడ వాకిట్లో ముగ్గు ముగించి లోపలికి వెళ్ళగానే బెల్టు విప్పి మంచం కింద పడేశాను. కొట్టుకెళ్ళి సైకిల్ బయటికి తీశాను. టైర్లలో గాలి తగ్గింది. పంపు కొట్టడానికి ఒక చేయి సరిపోలేదు, అప్పుడైనా ఆగాల్సింది. మెత్తటి టైర్లతోనే బయల్దేరాను. ముక్త్యాల రోడ్డు ఎక్కగానే ముక్కు చివర చల్లబడింది. చెవులు మండాయి. అంత ఆనందం నాకు దసరా అమ్మకాల్లో కూడా కలగలేదు. అప్పుడు సిమెంటు లారీలు తవ్విపెట్టిన గతుకొకటి వచ్చింది. పెద్దదేం కాదు. భుజంలో ఏదో చిన్నగా టక్కుమంది.

పడలేదు. బ్రేకు వేసి మర్యాదగా దిగాను. కుడిచేత్తో సైకిల్ నడిపించుకుంటూ, ఎడమచేయి పొట్టకి ఆనించుకుని వెనక్కి నడిచాను. ఇంటికి ఇంకో దారి లేదు, బజారంతా దాటాలి. సరిగ్గా షట్టర్లు లేచే వేళ. పచారీ కొట్టు మావయ్య చీపురు పట్టుకుని మెట్ల మీదే నిలబడి ఉన్నాడు.

“మళ్ళా పడ్డావా అల్లుడూ?”

“పడలా మావయ్యా. దిగా.”

“దిగితే చెయ్యి అట్టా పట్టుకున్నావేం?”

కిందటిసారి పడింది సైకిల్ మీంచి కాదని ఊరంతా చాటాను. ఆ కష్టమంతా ఆ ఒక్క ఉదయం నీళ్ళపాలైంది. ఇంటికి చేరేసరికి మా ఆవిడ చీర మార్చుకుని, చేతిసంచీతో గుమ్మంలో సిద్ధంగా ఉంది. కబురు నాకంటే ముందే చేరింది.

డాక్టరు గారు కొత్త ఎక్స్‌రే పాతదాని పక్కన తగిలించారు. అతుకు కదిలిందన్నారు.

“రెండు నెలలకి కుదిరిందిగా షావుకారు గారూ. మరి ఇదేంటి?”

దాచి లాభం లేదని మార్జిన్ సంగతి చెప్పేశాను. ఆయన నవ్వలేదు.

“మూడని ఎందుకు చెప్పానంటే మీరు రెండుకి దింపుతారని. దింపాక దాంట్లో కూడా లాభం తీసేస్తారని నాకు తట్టలా.” చీటీ మీద పెన్ను పెట్టారు. “ఇవాళ్టి నించి మళ్ళీ రెండు నెలలు.”

పెన్ను కదపకుండా నా వంక చూస్తూ ఆగారు. నా వంతు అన్నమాట. నోటిదాకా వచ్చింది, దిగమింగాను.

“సరే సార్.”

“మూడు చెయ్యండి డాక్టరు గారూ,” అంది మా ఆవిడ.

ఆయన మారుమాట లేకుండా మూడు అని రాసేశారు. వచ్చిన ధరకి పైన తనే వేసి కొనే మనిషిని నేను పుట్టాక చూడలేదు. పైగా ఆవిడా కొట్టున్న ఇంటి ఆడపిల్లే, నందిగామలో బట్టల కొట్టు. ఇదేం బేరమని అక్కడే, డాక్టరు ముందే అడిగాను.

“రెండంటే మీరు నెలకే ఎక్కుతారు,” అంది సంచీ సర్దుకుంటూ. “మూడంటే రెండుకి ఎక్కుతారు. నాక్కావాల్సింది రెండేగా.”

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఎటు కోసి చూసినా అందులో తప్పు కనబడలేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పొలాల్లో కోసిన మిరపకాయలు కళ్ళాల మీద ఆరబోసి ఉన్నాయి. రెండు నెలలకి ఎక్కినా, మూడుకి ఎక్కినా, ఈ ఏటికి నాకు మిగిలేది ఎండే. చలిగాలి మొహాన గట్టిగా కొడుతోంది.

చలేస్తోంది, అద్దం మూయమంటారా అని అడిగింది మా ఆవిడ, నా మీదుగా చేయి చాపుతూ. ఉండనీ అన్నాను. కొంగు చెవుల మీదికి లాక్కుంది. జగ్గయ్యపేట వచ్చేదాకా ఆ అద్దం జోలికి పోలేదు.