మంచుబొట్టు మొక్క పుట్టిన చోటు

పేరు ఆదెప్ప. వయస్సు యాభై రెండు. కచేరిలో నకలు గుమస్తాగా పనిచేసి విరమించిన వెంకటరమణప్పనైన నేను ఇతనిని పదునెనిమిది సంవత్సరాలుగా ఎరుగుదును. చదువు లేదు. గుట్టలు తిరిగి మొక్కలు తెచ్చి, మొక్కల పరిశోధన జరిపే తమ కార్యాలయానికి అప్పగించేవాడు. అది ఉద్యోగమని ఇతడు నమ్మాడు. రికార్డులో మాత్రం దినకూలి.

1958 వానకాలంలో బాగేపల్లి దాపున ఒక బండమీద, నీరు ఊరే చోట, రూపాయి బిళ్ళంత మొక్కను ఇతడు కనుగొన్నాడు. ఎర్రని ఆకుల నిండా జిగురు బొట్లు, వాటికి అంటుకొన్న దోమలు, సన్నని కాడపై తెల్లని పూలు. ఇతడు దానిని మంచుబొట్టు మొక్క అన్నాడు. చిక్కబళ్ళాపురం విడిదిలో తమ అధికారి దానిని భూతద్దంతో పరీక్షించారు. దీని బంధువర్గం ఉత్తరాన మంచు దేశాలదాకా వ్యాపించి ఉన్నదనీ, విత్తనాన్ని బట్టి ఇది వేరు జాతి కావచ్చుననీ సెలవిచ్చారు. ఆదెప్ప దానిని పాత పత్రికల నడుమ అణచి ఆరబెట్టాడు.

ఆరిన మొక్క పక్కన అంటించే వివరాల చీటీ రాయడానికి కచేరి నన్ను పంపింది. మా జాబులన్నింటిపైనా విడిది ఊరి పేరే వేసేవారము. ఆ అలవాటుననే, మొక్క దొరికిన చోటు అన్న గడిలో చిక్కబళ్ళాపురమని రాశాను. చదివి వినిపించమని ఆదెప్ప అడిగాడు.

"ఇదేందప్పా? నేను పెరికింది బాగేపల్లి బండమీద గదా!"

"విడిది ఈడ ఉండాది. కాగితం ఈడ్నుంచే పోవల్ల."

"కాగితం ఈడిదేనప్పా. మొక్క ఈడిది కాదే!"

"నాకే రాసేది నేర్పిస్తాండావా? పోయి కట్టలు కట్టు, పో."

రెండేండ్లకు, పోల్చి చూడడానికి తాజా మొక్క కావాలని అధికారులు వచ్చారు. చీటీ పట్టుకొని చిక్కబళ్ళాపురం గుట్టలను మూడు దినాలు వెదికారు. బాగేపల్లికి పోదామని ఆదెప్ప బతిమాలాడు. చీటీ అబద్ధమా, నువ్వు అబద్ధమా అని వారు అడిగారు. చీటీ రాసినవాడినని వారి వెంట వెళ్ళిన నా వైపు అతడు చూశాడు. నా విరమణకు పదకొండు నెలలున్నవి. నేను మాట్లాడలేదు. ఎక్కడిదో మొక్క తెచ్చి మోసగించాడని రాసి ఇతనిని తీసివేశారు. మొక్కకు పేరు పెట్టే పని ఆగిపోయింది.

ఇప్పుడు ఇతడు పేరేసంద్ర దారిలో కంకర కొడుతున్నాడు. మొన్న తప్పు ఒప్పుకొనడానికి వెళ్ళగా, ఇతని భార్య అక్కయమ్మ నన్ను కూర్చోమనలేదు.

"మొక్క యాడుండాదో చెప్పేకి ఆయప్ప నోరు చాల్లేదు, నీ గీత చాలింది. ఇంగేం రాస్తావప్పా, కంకర గూడా అబద్ధమనా?"

ఆదెప్ప సుత్తె దించకుండానే అన్నాడు: "వాన పడిండాది. పూలుంటాయి. రాసేదుంటే బిరీన రాయప్పా."

కావున, ఆ చీటీలోని ఊరు పూర్తిగా నా తప్పని ఒప్పుకొంటూ, పూలు ఎండకమునుపే ఒక అధికారిని పంపి ఆదెప్ప చూపే బండను పరీక్షించి, చీటీని దిద్ది, మోసగాడన్న మాటను రికార్డునుండి కొట్టివేసి, ఇతనిని తిరిగి పనిలోకి తీసుకొనవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను.