కుడి చివర మనిషి

ప్రెస్సులో ఆమెను అందరూ మార్జినక్క అనేవాళ్ళు. బడి పుస్తకాలకు పేజీలు కూర్చడం ఆమె పని. కటింగ్ మిషన్ కింద అంచున ఒక్క అక్షరం తెగిందంటే చాలు, బైండింగు వాళ్ళ చెవులు చిల్లులు పడేవి. "అక్షరం చుట్టూ గాలాడాలి నాయనా, లేకపోతే ఊపిరాడక చస్తుంది" అని అరిచేది. ఆ కోపం చూసి నవ్వగలిగిన వాడు ఆమె మొగుడొక్కడే. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. "నా దగ్గరికొచ్చే మిషన్లూ ఇంతే, గోల పెడతాయి. నూనె చుక్క పడితే సర్దుకుంటాయి" అంటూ టీ గ్లాసు చేతికిచ్చేవాడు.

ఆయన పోయాక ఆ చుక్క వేసేవాళ్ళు లేకపోయారు.

సంతాప సభ బావగారు తలకెత్తుకున్నారు. తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళలో ఒక్కసారి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుకుని వెళ్ళిపోయిన మనిషి. ఇప్పుడు మాత్రం హాలు ఆయనే కుదిర్చారు, మైకు ఆయనే కుదిర్చారు. "తెర మీద ఫోటోలు ఒకదాని వెనక ఒకటి రావాలమ్మా. నువ్వు కంప్యూటర్ మనిషివేగా" అని ఆ పని ఆమె నెత్తిన పెట్టారు.

ఆమెకు తెలిసింది పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఒక్కటే. ఏది ఎక్కడ ఉండాలో రాసిస్తే అది పేజీలు కట్టి ఇస్తుంది. ఫోటోకో పేజీ, పేజీలు వాటంతటవే తిరుగుతుంటే అదే ప్రదర్శన. ఫోల్డర్లో ఉన్న ఫోటోలన్నిటినీ తేదీల వరసలో పేజీలకెక్కించమని కంప్యూటరుకు చిన్న స్క్రిప్ట్ రాసిచ్చింది. అందులో ఉన్న సుఖం ఏమిటంటే, ఒక్క ఫోటో కూడా తను తెరిచి చూడక్కర్లేదు. చూసే గుండె ఆమెకు లేదు.

నమూనా పంపగానే బావగారి ఫోన్ వచ్చింది.

"పైనా కిందా ఆ నల్ల పట్టీలేంటమ్మా, దరిద్రంగా! నలుగురూ వచ్చేచోట తెర నిండుగా ఉండాలి."

"ఫోటోలు వెడల్పువి బావగారూ, ఆ హాల్లో తెరేమో దాదాపు నలుచదరం. నింపాలంటే..."

"నింపెయ్యి. అంతే."

నోటిదాకా వచ్చిన మాటను పళ్ళ మధ్య నొక్కిపట్టి, ఫోటోను తెర నిండేదాకా పెంచి, మిగిలింది వదిలెయ్యమని స్క్రిప్ట్‌లో ఒక్క ముక్క చేర్చింది. ప్రూఫు చూడకుండా ఇన్నేళ్ళలో ఒక్క పేజీ ఆమె చేతిమీదుగా పోలేదు. ఇవి పోయాయి.

సభ రోజు పొద్దున, జనం ఇంకా రాకముందు, హాల్లో ఒకసారి వేసి చూశారు. అత్తగారు ముందు వరసలో కుర్చీలో ఒదిగి కూర్చుంది. బావగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మార్జినక్క తల దించుకునే ఉంది, కానీ ఎంతసేపని దించుకుంటుంది? చూసింది. ఒక ఫోటో, ఇంకొకటి, మరొకటి. పెదమామయ్య ఉన్నాడు, పిల్లలున్నారు, బావగారైతే అన్నిట్లోనూ నట్టనడుమ ఉన్నారు.

మరి తన మొగుడెక్కడ?

ఇంట్లో ఫోటో అంటే తీసేది ఆయనే. ఒక కాలి బూటు విప్పి, అందులో ఫోన్ నిలబెట్టి, టైమర్ పెట్టి పరిగెత్తుకొచ్చేవాడు. అందుకని ఆయన చోటెప్పుడూ కుడి చివరే, ఒక కాలికి బూటు, ఒక కాలికి సాక్సు. తెర నింపాలని స్క్రిప్ట్ ప్రతి ఫోటోకూ రెండు పక్కలా కోసేసింది. అత్తగారి భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి, ఆ వేళ్ళ మనిషి లేడు.

"ఇప్పుడు చూడు, ఎంత నిండుగా ఉందో!" అన్నారు బావగారు. "అందరం కనిపిస్తున్నాం."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అందరమా? సరిగ్గా చూడండి బావగారూ. ఎవరు లేరు?"

ఆయన కళ్ళు చికిలించి చూశారు. "ఎవరు... మన చిన్నత్త కూతురా?"

"మీ తమ్ముడండీ! ఈ సభ ఎవరిదనుకున్నారు?"

ప్రొజెక్టర్ అతను గబుక్కున వంగి వైర్లు సర్దడం మొదలుపెట్టాడు.

"అరవకమ్మా. వాడి గురించి నేను మైకులో చెప్తాగా. జనం వచ్చే వేళైంది, ఇప్పుడేం మారుస్తావ్?"

ఆమె అప్పటికే లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆయన మీద కోపం సరే, ఎవరి అక్షరం తెగినా ఇల్లు పీకి పందిరేసే తను, ఇంటి మనిషిని తన చేత్తోనే కోసి పారేసినందుకు తన మీద అంతకు రెట్టింపు మండుతోంది. చేర్చిన ముక్క పీకేసి స్క్రిప్ట్ మళ్ళీ నడిపింది. పేజీలు మళ్ళీ కట్టుకుంటుండగానే జనం వచ్చి కూర్చోసాగారు.

బావగారు చెవి దగ్గరికి వంగారు. "మళ్ళీ ఆ పట్టీలేనా? అందరి ముందూ నా పరువు తీస్తావా?"

"అంత పరువున్నవారు ఆస్పత్రి గుమ్మం దాటి లోపలికొచ్చి ఉండాల్సింది" అంది ఆమె, గొంతు తగ్గించకుండా. ముందు వరసలన్నీ విన్నాయి. బావగారు వెళ్ళి మైకు పక్కన కూలబడ్డారు.

దీపాలు తగ్గాయి. పైనా కిందా నల్ల పట్టీలు. వాటి నడుమ, ప్రతి ఫోటోలో, కుడి చివర ఆయన. మార్జినక్క ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. పిడికిలి మాత్రం విప్పలేదు.

స్క్రిప్ట్‌కు మంచీ చెడూ తెలియదు, ఫోల్డర్లో ఉన్నదల్లా ఎక్కించేస్తుంది. అలా ఒక పాడైపోయిన ఫోటో కూడా తెర మీదికొచ్చింది. అందరూ కుదురుగా నిలబడి ఉన్నారు. కుడి చివర, ఇంకా తన చోటికి చేరకుండానే, పరుగులో అలుక్కుపోయిన ఆకారం. సాక్సు కాలు గాల్లో ఉంది.

ముందు వరసలో అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచింది.

"మెల్లగా రారా," అంది పైకే, "జారతావు."

మార్జినక్క మీట నొక్కి పేజీని అక్కడే ఆపేసింది.