నా బదులు సూది మామ

ఆ రోజుల్లో ధైర్యానికి నా దగ్గర ఒక్కటే కొలత ఉండేది: ఎత్తు. నాలుగో అంతస్తు పక్కన కట్టిన పైపుల మీద ఒంటికాలితో నిలబడి, కిందున్నవాణ్ణి పేరు పెట్టి కేకేసి, నడుముకు కట్టుకోవాల్సిన బెల్టును కండువాలా మెడలో వేసుకుని తిరిగేవాణ్ణి. (సేఫ్టీ ఆయన కనిపిస్తే మాత్రం అది ఆగమేఘాల మీద నడుముకు దిగేది.) ఇరవై మూడేళ్ళ వయసు. జగిత్యాల పక్క పల్లె నుంచి సౌదీలోని హుఫూఫ్‌కు వచ్చి ఏడాదిన్నర. ఇంతటి వీరుడికి ఉన్న ఒకే ఒక్క లోపం సూది. చిన్నప్పుడు మా బడికి సూదులేసే నర్సమ్మ వస్తోందని తెలిస్తే వెనక గోడ దూకి కంది చేలో పడుకునేవాణ్ణి. సాయంత్రం ఇంటికి వెళ్ళి భుజం రుద్దుకుంటూ కుయ్యోమంటే, మా అమ్మ నిజమేననుకుని చేతిలో బెల్లం ముక్క పెట్టేది. అలా వేయించుకోని సూదులకు నేను తిన్న బెల్లం తక్కువేం కాదు.

క్యాంపులో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. పనులన్నీ వంతుల మీద నడిచేవి. వంట వంతు, అంట్ల వంతు, బాత్రూము కడిగే వంతు, ఊరికి ఫోను చేసేటప్పుడు కిటికీ పక్కన నిలబడే వంతు (సిగ్నల్ అక్కడే దొరికేది). ఏ వంతునైనా ఎవరితోనైనా మార్చుకోవచ్చు. అంట్లంటే గిట్టనివాడు బాత్రూము కడిగేవాడు, కూర చెడగొట్టేవాడు వంట తప్పించుకుని రెండు వారాలు నీళ్ళ డబ్బాలు మోసేవాడు. ఈ పద్ధతి నాకు ఎంత అలవాటైందంటే, లోకంలో మార్చుకోవడానికి వీల్లేని వంతు అంటూ ఒకటి ఉంటుందని తోచేదే కాదు.

ఆ గదికి పెద్ద సూది మామ. మెట్‌పల్లి వైపు మనిషి, యాభై రెండేళ్ళ మేస్త్రి. నాకు వరసకేమీ కాడు, కానీ నేను మామా అంటే ఆయన అల్లుడా అనేవాడు. ఆ పేరు పెట్టింది కూడా నేనే. జలుబు చేసినా, నడుము పట్టినా, చివరికి ఇంటివాళ్ళు ఫోను ఎత్తకపోయినా, "ఒక్క సూది పడితె అంత సెట్టయితది" అనేవాడు. క్లినిక్కులో మాత్రలు రాసి పంపితే ఆ డాక్టరుకు చదువు సరిగ్గా రాలేదని తేల్చేసేవాడు. కంపెనీ వాళ్ళు ఏ టీకా వేయించినా వరుసలో మొదటి మనిషి మామే, చొక్కా చెయ్యి ముందే మడుచుకుని.

ఆ ఎండాకాలం మా కంపెనీకి ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రి మెయింటెనెన్స్ పని దొరికింది. తలుపులూ తాళాలూ అల్మారాలూ చూసుకోవడానికి ఒక వడ్రంగి కావాలి. నేను నేర్చుకున్నది ఆ పనే. నెత్తిన ఏసీ, కాళ్ళ కింద నున్నటి నేల! అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆ వేడికి పైపుల మీద రెండుసార్లు నాకు కళ్ళు తిరిగాయి. రెండుసార్లూ చేతికి పైపు దొరికింది కాబట్టి ఈ కథ నేను చెబుతున్నాను. మూడోసారి దొరుకుతుందని నమ్మకం లేదు. నాకు ఆ ఆసుపత్రి పని కావాలి, అంతే.

మా క్యాంపు బాసు మలయాళీ. నన్ను పిలిచి, శనివారం లోపల టీకా కార్డు తీసుకురమ్మన్నాడు, లేకపోతే ఇంకొకడు వెళ్తాడన్నాడు. ఏం టీకా అంటే డిఫ్తీరియా, టెటనస్, పోలియో అన్నాడు. మొదటి రెండూ నా చెవికి ఎక్కలేదు. పోలియో అనగానే ఎగిరి గంతేశాను. పోలియో సంగతి నాకు తెలియదా? ఆదివారం పూట బడి దగ్గర నోట్లో రెండు చుక్కలు, చిటికెన వేలి గోటి మీద నల్ల గీత! నోరు తెరుస్తాను, వేలు చాపుతాను, ఉద్యోగం తెచ్చుకుంటాను. గదికి వచ్చి ఇదే సంగతి ప్రకటిస్తే, మా గదిలోనే ఉండే వ్యాను డ్రైవరు కడప భాయ్‌కి నవ్వు ఆగక చాయ్ పొలమారింది.

"యాడి చుక్కలప్పా! నువ్వేమన్నా సంటిబిడ్డవా? మూడింటికీ కలిపి ఒగటే సూది. ఇంత పొడుగుంటాది," అని వేలి కొస నుంచి మోచెయ్యి దాకా చూపించాడు. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

మర్నాడు మామ వంట వంతు. పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ (కన్నీళ్ళకు అదొక సాకు) మెల్లగా కదిపాను.

"మామా, నా సూది నువ్వేయించుకో. నాలుగు వారాలు నీ వంట నేను చేస్త."

మామ నవ్వలేదు. పప్పు కలుపుతూనే, "యాడ ఏస్తరంట?" అన్నాడు.

"ఊళ్ళె, మందుల షాపుల. కంపెనోళ్ళు చీటీ రాసిచ్చిండ్రు."

"మరి ఇకామ చూపియ్యాలె గద. దాని మీద నీ ఫోటో ఉంటది."

ఇకామా అంటే అక్కడ మమ్మల్ని ఉండనిచ్చే కార్డు, ప్రాణం తర్వాత ప్రాణం. దానికీ నా దగ్గర జవాబుంది. "నీకూ మీసమున్నది, నాకూ మీసమున్నది. ఆళ్ళ కండ్లకు మనమందరం ఒక్క తీర్గనే కొడ్తం మామా. తలకింత రంగేసుకో, సాలు."

మామ గరిటెతో ఇంత పప్పు అరచేతిలో వేసుకుని ఉప్పు చూశాడు. నా ముఖం చూశాడు. "నాలుగు గాదు, ఆరు వారాలు," అన్నాడు. నేను ఆయన కాళ్ళ మీద పడడం ఒక్కటే తక్కువ.

శుక్రవారం మధ్యాహ్నం మామ తలకూ మీసానికీ నల్లరంగు దట్టించాడు. చెవులకు కూడా అంటింది. ఇరవై మూడేళ్ళవాడిలా ఏమీ కనిపించలేదు, పొయ్యిలో తలపెట్టి తీసిన యాభై రెండేళ్ళవాడిలా కనిపించాడు. కడప భాయ్ వ్యాను తాళం చెవి ఆడిస్తూ, "వొద్దురా అబ్బీ. ఒగరి ఇకామా ఇంగొగరు చూపించి దొరికితే ఇద్దర్నీ లోపలేస్తారు. తోలుకోనిపోయినందుకు నన్ను గూడా," అన్నాడు. అయిదు నిమిషాల పని భాయ్ అని బతిమాలాను. మామ ఆయన వైపు చూసి కన్ను గీటాడట. (అది నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.) భాయ్ వెంటనే బండి తీశాడు.

మేము చేరేసరికి నమాజు వేళ, షాపు మూసి ఉంది. ఇరవై నిమిషాలు వ్యాను వెనక సీట్లో దొంగలా తల వంచుకుని కూర్చున్నాను. తలుపు తెరవగానే నా ఇకామా, కంపెనీ చీటీ పట్టుకుని మామ లోపలికి వెళ్ళాడు. రెండు నిమిషాల్లో తిరిగి వచ్చి వ్యాను అద్దం మీద కొట్టాడు.

"అల్లుడా, నీ ఫోనుకు ఏదో నంబరొస్తదట. అది చూపిస్తెనె ఏస్తడట. ఒక్కసారి వచ్చిపో."

నంబరే కదా అని వెళ్ళాను. మందుల అరల వెనక చిన్న గది, ఒక కుర్చీ, ఒక ఫ్రిజ్, తెల్లకోటులో తాడిచెట్టంత సూడాన్ దాక్తరు (అక్కడ మందుల షాపాయన్ని కూడా అలాగే పిలుస్తారు). నేను ఫోను వైపే చూస్తూ నంబరు కోసం నిలబడ్డాను. వెనక టక్కుమని చప్పుడైంది. మామ తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. దాక్తరు నా ఇకామా మీది ఫోటో చూశాడు, నా ముఖం చూశాడు, "తమామ్" అని, అంతా సరేనన్నట్టు తలూపి కుర్చీ చూపించాడు. నంబరు మాత్రం రాలేదు.

"మామా! మాట తప్పినవ్," అన్నాను.

"తప్పిన. తిట్టుకో."

"ఆరు వారాలంటివి గద!"

"అంటి."

"నాకే పనొద్దు. తలుపు ఇడువు, నేను పోత."

మామకు కోపం రాలేదు. చెమటకు రంగు కరిగి చెంపల మీదుగా కారుతోంది. "మా అన్న నీ తీర్గనే ఉంటుండె," అన్నాడు. "ఇల్లు కడుతుంటె కాల్లె ఇనుప మొల దిగింది. సూది ఏయించుకో అంటె, ఎందుకు, పసుపు పెడితె మానుతది అన్నడు. ఆనికి సూదంటె భయం. గది నాకొక్కనికే ఎరుక. ఎవ్వలికి చెప్పొద్దన్నడు, నేను చెప్పలె. పది దినాలకు దవడలు బిగుసుకున్నయి. నీళ్ళు పోద్దమంటె నోరు తెరువరాలె, అల్లుడా. ఇరవై నాలుగేండ్లు ఆనికి." "పైపుల మీద నీకు కండ్లు తిరుగుడు నేను చూడలేదనుకున్నవా? రెండుసార్లు చూసిన. ఆ దవాఖాన పని నీకు గావాలె. ఆనిది దాసిన. నీది గూడ దాయమంటవా?"

ఏడాదిన్నరగా ఆయన్ని సూది మామ, సూది మామ అని ఆటపట్టించిన నోరు నాది. సూది కనపడితే చాలు ఆయన ఎందుకు చెయ్యి చాపుతాడో ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. తెలుగు ఒక్క ముక్క రాని దాక్తరు కూడా చేతిలో దూది పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

ఇక ఆలోచిస్తే ధైర్యం జారిపోతుందని, గిర్రున గోడ వైపు తిరిగి బెల్టు విప్పాను. మా ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఏ జబ్బుకైనా సూది నడుము కిందే వేస్తాడు, అది తప్ప నాకు ఇంకో సూది తెలియదు. పూనుకున్న పని సగంలో ఆపకూడదు కదా, ప్యాంటు గుండీ కూడా తీశాను.

"లా, లా, లా!" అని (అరబ్బీలో కాదు, వద్దు అని) దాక్తరు గావుకేక పెట్టాడు. "హాథ్, మేరే భాయ్, హాథ్!" అంటూ తన భుజం తనే టపటపా కొట్టుకుని చూపించాడు. మామ ముఖం మీద అన్న కోసం వచ్చిన కన్నీళ్ళు ఇంకా ఆరనేలేదు, నవ్వు ఆపుకోలేక ఫ్రిజ్ పట్టుకుని కూలబడ్డాడు. నవ్వుతూనే లేచి వచ్చి నా పక్కన నిలబడి చెయ్యి అందించాడు. నేను కళ్ళు మూసుకుని ఆ చేతిని పట్టుకున్నాను.

"అయ్యిందా మామా?"

"ఇంకా దూదితోని తుడుస్తున్నడు."

"అయ్యిందా?"

"అయ్యి ఎంతసేపాయె! నా చెయ్యి ఇడువు, సచ్చిపోతున్న."

కళ్ళు తెరిచేసరికి నా భుజం మీద పైసంత పట్టీ ఉంది. మామ అరచేతిలో మాత్రం నా గోళ్ళు నాలుగు దిగి, రెండు చోట్ల నెత్తురు చిమ్మింది. దాక్తరు ఆయన చెయ్యి కూడా తుడిచి నా పట్టీకన్నా పెద్ద పట్టీ వేశాడు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "చూడు, మాట తప్పలే. సూది నీకు, నొప్పి నాకు. ఆరు వారాల వంట నీదే ఇగ," అన్నాడు.

తీరా నా చెయ్యి రెండు రోజులు సలిపితే ఆ రెండు రోజులూ నన్ను గరిటె ముట్టనివ్వలేదు. సూది పడ్డ చోట చీము పడుతుందని గదిలో వంకాయ, గోంగూర బంద్ పెట్టాడు. (దాక్తరు అలాంటిదేమీ చెప్పలేదు.) పూటపూటా పెసరపప్పు. "సూది వానికి, పత్యం మాకందరికీనా?" అని కడప భాయ్ మొత్తుకున్నా వినలేదు. ఆ తర్వాత ఆరు వారాలు నేను వండాను. నా వంట తిని గదిలో అందరూ మామను తిట్టుకున్నారు.

శనివారం కార్డు ఇచ్చాను, ఆదివారం ఆసుపత్రిలో మొదటి తాళం బిగించాను. మళ్ళీ పైపులెక్కలేదు. నాలుగేళ్ళకు మామ ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు వ్యాను ఎక్కుతూ ఆయన అడిగింది ఒక్కటే, "కార్డు పైలమున్నదా?" ఉంది. దాని అడుగున పదేళ్ళకు మళ్ళీ వేయించుకోవాలని రాసి ఉంది.

ఆ పదేళ్ళు ఈమధ్యే నిండాయి. ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తారు, బెల్టు పెట్టుకోనివాణ్ణి నేనే తిడతాను. ఫోనులో టైము తీసుకుని ఊళ్ళో మందుల షాపుకి ఒక్కణ్ణే వెళ్ళాను. ఈసారి నంబరు నిజంగానే వచ్చింది. సూది వేసే సౌదీ అమ్మాయి నా ముఖం చూసి భయమా అని అడిగితే, లా అన్నాను. ఎడమ చొక్కా చెయ్యి మడిచి భుజం ఇచ్చాను. కుడి చెయ్యి దానంతటదే పక్కకు వెళ్ళి గాలిలో కాసేపు వెతుక్కుని, కుర్చీ పట్టెను దొరికించుకుంది.

బయటికి రాగానే మామకు వీడియో కాల్ చేశాను. తల ముగ్గుబుట్ట, మీసం ముగ్గుబుట్ట, రంగు జోలికి మళ్ళీ పోయినట్టు లేడు.

"మామా, రెండో సూది ఏయించుకున్న."

"శెబాష్! ఎవని చెయ్యి పట్టుకున్నవ్?"

"ఎవ్వరున్నరు మామా? కుర్చీ పట్టుకున్న."

"పాపం కుర్చీ," అన్నాడు. తర్వాత తన అరచెయ్యి కెమెరాకు దగ్గరగా పెట్టి, నా గోళ్ళ గాట్లు ఇంకా పోలేదని, సరిగ్గా చూడమని, కనవడుతున్నయా అని గద్దించాడు. మేస్త్రి చెయ్యి, అందులో వెయ్యి గాట్లు ఉన్నాయి, నావి ఏవో నాకేం తెలుస్తుంది? పైగా కళ్ళు కూడా మసకబారాయి. "కనవడ్డయ్ మామా, నాలుగూ కనవడ్డయ్," అన్నాను, నిజంగానే నొప్పి పెడుతున్న భుజం రుద్దుకుంటూ.