ఇరవై తొమ్మిదో పూస

చాతం దీవిలోని రంపం మిల్లులో యిర్మియా ముప్పై నాలుగేళ్లు దుంగలకు నంబర్లు కొట్టాడు. రిటైరయ్యాక హోప్ టౌన్‌లో ఇంటి వెనక షెడ్డు వేసుకుని విరిగిన కుర్చీలు, పడవ చెక్కలు అతికేవాడు. అతికాక అతుకు మీద గోరు పెట్టి లాగి చూసేవాడు. గోరు ఎక్కడా ఆగకూడదు. ఆగితే ఊడదీసి మళ్లీ మొదలు.

మూడేళ్ల కిందట వానల్లో ఊరి ఒడ్డుకు చచ్చిన తిమింగలం కొట్టుకొచ్చింది. ముప్పై ఎనిమిది అడుగులు. జనం ముక్కులు మూసుకుని ఫోటోలు తీసుకుంటుంటే లహరి ఒక్కతే టేపు పట్టుకుని కొలుస్తోంది. సిప్పీఘాట్ పిల్ల, తిమింగలాల మీద పరిశోధన చేస్తోంది. పూడ్చిపెట్టి రెండేళ్లాగి ఎముకలు తీయాలని, అప్పటికి చిన్న ఎముకలు ఇసుకలో కలిసిపోతాయేమోనని ఆమె బెంగ. యిర్మియా ఇంటికెళ్లి పాత వలలు తెచ్చి రెండు ఈత రెక్కలనూ విడివిడిగా చుట్టి కట్టాడు.

తవ్వేరోజున జేసీబీని దగ్గరికి రానివ్వలేదు. పారలతో తీయించాడు. బయటికొచ్చిన ప్రతి వెన్నుపూసకూ రేకుబిళ్ల మీద అంకె కొట్టి వరసగా కట్టాడు. ఇరవై తొమ్మిదో పూస దగ్గర అతని చెయ్యి ఆగింది.

"ఇది ఇరిగింది కాదమ్మా. కోసింది."

"ఓడ ప్రొపెల్లర్, అంకుల్. అంచు చూడండి, ఎముక మళ్లీ పెరగడం మొదలెట్టింది. దెబ్బ తగిలాక కొన్ని వారాలు బతికింది."

"వారాలా?"

"ఆ నొప్పితోనే ఈదింది." లహరి ఆ పూసను ఒళ్లో పెట్టుకుంది. "తిమింగలాలు తిరిగే దారిలో ఓడల్ని నెమ్మదిగా నడపమని నాలుగేళ్లుగా రాస్తున్నాను. కాగితం ఎవరూ చదవట్లేదు. దీన్నయితే చూస్తారు. అస్థిపంజరాన్ని మీరే నిలబెట్టండి. ఈ కోత మాత్రం ఇలాగే కనబడాలి."

"నానుండగా దీన్ని ఎవుడు ముట్టుకుంటాడు?" అన్నాడు యిర్మియా.

లహరి పని మీద నికోబార్ వెళ్లింది. ఎముకలు టూరిస్టుల కోసం కొత్తగా కట్టిన ప్రదర్శనశాలకు చేరాయి. యిర్మియా ఇనప కాళ్ల మీద, చేతికందే ఎత్తులో, తిమింగలాన్ని నిలబెట్టాడు. మేనేజరు యువరాజ్ చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు.

"భయ్యా, మధ్యలో యే టూటా హువా ఏంటి? భర్ దో, నింపెయ్."

"అది దెబ్బండి. అదే కనబడాలి."

"దెబ్బ చూడ్డానికి టికెట్ ఎవడు కొంటాడు?"

యిర్మియా చెయ్యనన్నాడు. రెండు రోజులు మాట మీద నిలబడ్డాడు. మూడో రోజు రంగులేసే జోగులు గోడలకు పెట్టే పుట్టీ తెచ్చి ఆ కోతలో కుక్కాడు. తెల్లటి ముద్ద, దాని మీద బొటనవేలి గుర్తులు.

"అదేటిరా, అట్ల పిండి పెట్టినట్టు!"

"నచ్చకపోతే నువ్వే సెయ్ మావా. పక్కన నిలబడి ఎవుడైనా సెప్తాడు."

ఆ పూట యిర్మియా ఇంటికెళ్లి పుట్టీ సంగతి చెప్పాడు. భార్య సుందరికి అతనేం చెయ్యబోతున్నాడో అర్థమైంది.

"ఆ పిల్లకి మాటిచ్చావు గదా?"

"ఎలాగూ కప్పీసారు. కప్పినప్పుడు సరిగ్గా కప్పాల."

"నీకు ఆ సేప మీద జాలి కాదు. పని మీద పిచ్చి."

"సేప కాదే అది. పాలిచ్చే జంతువు."

"అయితే ఇంకా పాపం," అంది సుందరి.

తెల్లారి వెళ్లి పుట్టీ అంతా గీకేశాడు. కొత్తగా పెరిగిన ఆ గుండ్రటి అంచు అతుకును పట్టనివ్వలేదు. ఆకురాయితో దాన్ని నున్నగా అరగదీశాడు. రాలిన ఎముక పొడినే జిగురులో కలిపి కోత నింపాడు. ఆరిన కొద్దీ పొర మీద పొర వేస్తూ, రంగు కలవడానికి టీ డికాక్షన్ రుద్దుతూ ఆరు రోజులు కూర్చున్నాడు. ఆఖర్న గోరు పెట్టి లాగాడు. ఎక్కడా ఆగలేదు. యువరాజ్ నంబరు బిళ్లలు తీయించేసి, సహజ మరణం అని బోర్డు పెట్టించాడు.

ప్రారంభం రోజు లహరి వచ్చింది. కెమెరాతో అటూ ఇటూ రెండుసార్లు నడిచింది.

"అంకుల్, ఇరవై తొమ్మిది ఏదీ?"

యిర్మియా తల వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒక పూస మీద చెయ్యి పెట్టాడు. ఆమె వేలితో తడిమింది.

"ఇది కాదు. వేరేది పెట్టారా?"

"అదేనమ్మా."

"ఎవరు చేశారు?"

జోగులు పేరు నోటిదాకా వచ్చింది.

"నానే."

"తీసెయ్యగలరా?"

"నా అతుకు ఊడదు. ఊడినా లాభం లేదు. పెరిగిన అంచు అరగదీసీసాను."

లహరి కెమెరా మూత పెట్టేసింది. వెనక ఎవరో ఆవిడ పిల్లలకు చూపిస్తోంది: "చూడండి ఎంత బాగుందో! ఒక్క ఎముకా చెక్కుచెదరలేదు."

ఊళ్లోవాళ్లు ఇప్పటికీ విరిగిన కుర్చీలు తెస్తూనే ఉన్నారు. యిర్మియా అతికి ఇస్తూనే ఉన్నాడు. గోరు పెట్టి చూడడం మాత్రం మానేశాడు.